ఆస్పత్రి గుడ్డలు

మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు, కుప్పంలో మా నర్సింగ్ కాలేజీ ప్రాక్టికల్ హాల్లో, నన్ను మంచం మీద పడుకోబెట్టారు. మంచానికి ఎదురుగా గోడ గడియారం ఉండేది కాబట్టి టైము గుర్తుంది. ఆ తర్వాత ముప్పావు గంట సేపు నేను ధైర్యంగా చూడగలిగిన వస్తువు అదొక్కటే.

మంచం పట్టిన రోగికి ఒళ్లు తుడవడం మొదటి సంవత్సరంలోనే నేర్పుతారు. బెడ్ బాత్ అంటారు. బొమ్మ మీద చేసి చూపించవచ్చు, ఆ హాల్లో బొమ్మ కూడా ఉంది. కానీ బొమ్మకు సిగ్గుండదని, మనిషి మీద చేస్తేనే సిగ్గు ఎక్కడ మొదలవుతుందో తెలుస్తుందని మా మేడం అనేవారు. తరగతిలో అమ్మాయిలే ఎక్కువ. మగపిల్లలం కొద్దిమందిమి. అమ్మాయిలను పడుకోమనడం ఆమెకు ఇష్టం లేదు. నేను ముందు వరుసలో నిలబడి ఉన్నాను.

"చొక్కా తీసి పడుకో," అన్నారు మేడం.

"బనీను మేడం?"

"బనీనుకు స్నానం చేయిస్తామా ఏం?"

అందరూ నవ్వారు. మదనపల్లె అమ్మాయి ఒకతె బేసిన్లో గుడ్డ పిండుతూ వచ్చింది. మగ నర్సును ఆస్పత్రుల్లో బ్రదర్ అని పిలుస్తారు. ఆ అమ్మాయి అప్పుడే ఆ మాట నేర్చుకుంది.

"కదలొద్దు బ్రదర్. నువ్విప్పుడు రోగివి. కొంచెం మూలుగు, బాగుంటాది."

"నీళ్లు చల్లగా ఉండాయి."

"రోగం నయమైనాక చెబుదువులే."

మేడం నవ్వలేదు. ఆమె చెప్పినవి ఇవి. లోపలికి వచ్చే ముందు తలుపు తట్టాలి. నేను ఫలానా, ఈ పని చేయడానికి వచ్చాను, మీకు సమ్మతమేనా అని అడగాలి. దుప్పటి మొత్తం తీయకూడదు. ఏ భాగం తుడుస్తున్నామో అంతవరకే తీసి, తుడిచి, ఆరబెట్టి, కప్పి, అప్పుడు ఇంకో భాగానికి వెళ్లాలి. కళ్లు ముందు, తర్వాత ముఖం, చేతులు, ఎద, పొట్ట, కాళ్లు. నీళ్లు మార్చి వీపు. ఆఖరి భాగం రోగి తనంతట తాను తుడుచుకోగలిగితే గుడ్డ చేతికిచ్చి మనం గోడ వైపు తిరగాలి. "తిరగడం కూడా పనే," అన్నారు మేడం. "మార్కులు దానికీ ఉన్నాయి."

ఆ రోజు నా మీద ముఖం, చేతులు, వీపు మాత్రమే చేశారు. అయినా సాయంత్రం హాస్టల్లో నేను ఎవరితోనూ మాట్లాడలేదు. ఒళ్లు శుభ్రంగా ఉంది. ఏదో పోగొట్టుకున్నట్టు ఉంది.

పుంగనూరులో మా నాయన ఒక స్కూల్లో అటెండరు. ఆయన నాయన ఇతరుల చేన్లలో వేరుశనగ పీకిన మనిషి. మా అమ్మ చర్చి వాళ్ల ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేది. నేను ఏం చదువుతున్నానని ఎవరైనా అడిగితే నాయన "మెడికల్ సదవతాండాడు" అనేవాడు. అమ్మ "కుప్పంలో" అనేది, ఊరి పేరే చదువైనట్టు. నేను "బీఎస్సీ" అనేవాణ్ని. మా ఇంట్లో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎవరూ పూర్తిగా చెప్పలేదు.

మొదటి సంవత్సరంలో దీపాలు వెలిగించే రోజు ఒకటి ఉంటుంది. యూనిఫారం వేసుకుని, కొవ్వొత్తి పట్టుకుని, అందరి ముందు ప్రమాణం చేస్తాం. దానికి నాయన, అమ్మ పలమనేరులో బస్సు మారి కుప్పం వచ్చారు. సభ అయ్యాక బస్టాండులో అమ్మ అడిగింది.

"ఇంగ్లీషులో ఏం సెప్పినారప్పా అంతసేపు?"

"రోగి ఎవరైనా సరే, కులం, మతం, ఆడ, మగ చూడకుండా చేస్తామని."

"ఆడోళ్లకు కూడానా?"

"ఊ."

"మర్యాదగా సేస్తావు కదా?"

"చేస్తానమ్మా."

"దేవుని ముందర సెప్పినావు. గుర్తుపెట్టుకో."

అమ్మకు ప్రమాణం చిన్న మాట కాదు. రేపు వస్తానని చెప్పాలన్నా "దేవుని చిత్తమైతే" అని కలపకుండా చెప్పేది కాదు. ఆ రోజు ఆమె అంత గంభీరంగా ఎందుకు అడిగిందో నాకు అర్థం కాలేదు. చుట్టూ జనం ఉన్నారు. బస్సు తొందరగా వస్తే బాగుండుననుకున్నాను.

నేను మూడో సంవత్సరంలో ఉండగా అమ్మకు పక్షవాతం వచ్చింది. మదనపల్లె ఆస్పత్రిలో ఉంచి పంపించారు. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పోయాయి. మాట, తెలివి, కుడి చెయ్యి మిగిలాయి. పక్క వీధిలో ఉండే పెద్దమ్మ, అంటే అమ్మ వాళ్ల అక్క, రోజూ పొద్దున వచ్చి స్నానం చేయించి పోయేది. అమ్మ దేన్నైనా ఓర్చుకునేది గాని, తల దువ్వుకోకుండా, చీర సర్దుకోకుండా నాయనకైనా కనపడేది కాదు. అలాంటి మనిషికి అక్క అయినా ఉన్నందుకు అందరం ఊరట పడ్డాం.

చివరి సంవత్సరం ఇంటర్న్‌షిప్‌కు మమ్మల్ని జట్లుగా పంపిస్తారు. నేను మదనపల్లె జట్టులో వేయమని అడిగి, ఇంటి నుంచే బస్సులో వెళ్లి వస్తున్నాను. అక్కడ ఆడవాళ్ల వార్డులో ఒక ముసలామె ఉండేది. ఇంట్లో ఎన్నాళ్లో వెల్లకిలా పడుకోబెట్టేస్తే వెన్ను చివర పుండు పడి, అది ఎముక దాకా పోయింది. ఆ విషం రక్తంలోకి ఎక్కి ఆమె చనిపోయింది. పక్షవాతంతో కాదు, పుండుతో. ఆ వాసన నాకు అక్కడే తెలిసింది.

ఒక సాయంత్రం ఇంటికి వచ్చి అమ్మ గది గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే అదే వాసన వచ్చింది.

"అమ్మా, ఒకసారి పక్కకు తిరుగు. వీపు చూడాల."

"యాల?"

"పుండు పడినట్టుండాది."

"నీకెవురు సెప్పినారు?"

"ఎవరూ చెప్పలా. వాసన వస్తాంది."

అమ్మ ముఖం గోడ వైపు తిప్పుకుంది. పనిచేసే కుడి చేత్తో దుప్పటి మెడ దాకా లాక్కుంది. నాకు తెలిసిన విద్యనంతా ఒక్క మాటలో పెట్టి ఆమె మీద వేశానని అప్పుడు తెలిసింది.

"మీ పెద్దమ్మ సూసుకుంటాది. నువ్వు బయటికి పో."

పెద్దమ్మను అడిగాను. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. "నాకు యాడ కనపడతాదిరా నాయనా? కండ్లద్దాలు పెట్టుకుంటే ఆవిరి పడతాది, తీస్తే ఏమీ కనపడదు. మీ అమ్మను తిప్పాలంటే నా మోకాళ్లు పడనియ్యవు. కూసోబెట్టి నాలుగు చెంబులు పోసి తుడుస్తా." అమ్మ బరువైన మనిషి. పెద్దమ్మ సన్నటి మనిషి. ఆమెను అనడానికి ఏమీ లేదు.

పుంగనూరులో నాకు తెలిసిన ఒక నర్సమ్మను బతిమాలితే ఒకసారి వచ్చింది. కట్టు కట్టి, "రోజూ రెండుసార్లు మార్చాల, గంటగంటకూ తిప్పుతాండాల, నేను రాలేను. నువ్వు చదివింది దేనికప్పా?" అని వెళ్లిపోయింది. నాయన ప్రయత్నించాడు. భుజం పట్టి లేపబోతే అమ్మ అరిచింది. ఆయన వదిలేసి వెళ్లి గేటు దగ్గర కూర్చున్నాడు. "నా సేతులు మొరటురా. నావల్ల కాదు," అన్నాడు.

అమ్మకు జ్వరం మొదలైంది. జ్వరం ఎక్కడి నుంచి వస్తోందో నాకు తెలుసు. అది ఎటు పోతుందో కూడా తెలుసు. గుమ్మం దగ్గర కూర్చుని అడిగాను.

"అమ్మా, నేను చదువుకునింది ఇదే."

"తెలుసు."

"ఊరందరికీ చేస్తాండా."

"సెయ్యి. దానికేనా మేము పంపించింది. నువ్వు నా కడుపున పుట్టినోడివి. నీ ముందర నేనెట్ల..."

మిగతా మాట ఆమె అనలేదు. నేనూ అననివ్వలేదు. నాకు కోపం వచ్చింది. దానికంటే ఎక్కువగా, ఆమె వద్దన్నందుకు లోలోపల కొంచెం తేలికగా అనిపించింది. ఆ తేలికను ఎక్కడ పెట్టుకోవాలో ఇప్పటికీ నాకు తెలియదు.

మరుసటి పొద్దున నాయన కాఫీ తాగుతుండగా లోపలి నుంచి పిలిచింది.

"ఆ పొద్దు కొవ్వొత్తి పట్టుకోని ప్రమాణం సేస్తివే, ఏ గుడ్డలతో సేస్తివి?"

"యూనిఫారంతో."

"అదేసుకోని రా. ఆస్పత్రి గుడ్డలతో రా. ఇంటి గుడ్డలతో రావద్దు."

నేను యూనిఫారం వేసుకున్నాను. బూట్లు కూడా వేసుకున్నాను, ఆమె చూసేది గుడ్డలే అయినా. నాయన గ్లాసు పట్టుకునే "యాడికిరా?" అన్నాడు.

"లోపలికి."

ఆయన నవ్వుతాడనుకున్నాను. లేచి, గ్లాసు కింద పెట్టి, పొయ్యి మీద నీళ్లు పెట్టాడు.

మా ఇంట్లో ఆ తలుపును ఎవరూ ఎప్పుడూ తట్టలేదు. తట్టాను.

"ఎవురు?"

నా నోటికి కుప్పంలో నేర్పిన వాక్యమే వచ్చింది. "వందనాలమ్మా. నేను నర్సింగ్ స్టూడెంటును. మీకు ఒళ్లు తుడిచి, పుండుకు కట్టు కట్టడానికి వచ్చినాను. మీకు సమ్మతమేనా?"

లోపల దుప్పటి సర్దుకున్న చప్పుడు వినపడింది.

"రా బ్రదర్. తలుపేసుకో," అంది. నేను వేశాను. "మావోడు యాడుండాడు?"

ఆమె పైకప్పు వైపు చూస్తూ ఉంది. నేను బేసిన్ పట్టుకుని నిలబడ్డాను. "బయటుండాడమ్మా."

"వానికి సెప్పొద్దు."

"చెప్పనమ్మా."

అమ్మల గురించి నేను చాలా పుస్తకాలు చదివాను. చిన్నప్పటి నుంచి అదే అలవాటు. వాటిలో అమ్మలకు చేతులుంటాయి, కళ్లుంటాయి, కొంగు ఉంటుంది. వీపు ఉండదు. మా అమ్మ వీపు మామూలు వీపు. వెన్ను చివర పుండు నేను భయపడినంత లోతు లేదు, కోరుకున్నంత చిన్నదీ కాదు. సెలైన్‌తో కడిగాను. నొప్పి పుడుతుందని ముందే చెప్పాను. ఎడమ భుజం పట్టి లాగకుండా, నడుము దగ్గర చెయ్యి పెట్టి తిప్పాను. ఆఖర్న గుడ్డ పిండి ఆమె కుడి చేతికిచ్చి గోడ వైపు తిరిగాను. గోడకు చర్చి క్యాలెండరు ఉంది. ఆ నెలలో ఆదివారాలన్నీ చదివాను. "అయిపోయిందిలే," అని ఆమె అన్నాక తిరిగాను. ప్రాక్టికల్ హాల్లో మేడం దేనికి మార్కులు వేసేవారో అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత రోజూ అంతే. పొద్దున మదనపల్లె బస్సుకు ముందు ఒకసారి, సాయంత్రం వచ్చాక ఒకసారి. నా బూట్ల చప్పుడు వినగానే నాయన వెళ్లి పొయ్యి మీద నీళ్లు పెట్టేవాడు. అప్పటికి రిటైరై ఇంట్లోనే ఉన్న నాయన గంటగంటకూ పక్కకు తిప్పడం నేర్చుకున్నాడు. నేను చేత్తో చూపిస్తే, దుప్పటి మీద నుంచే. పక్కింటి అక్క ముగ్గు వేస్తూ నన్ను చూసి, "ఏమప్పా, ఇంత పొద్దున్నే డ్యూటీనా?" అనేది. అవునక్కా అనేవాణ్ని. అమ్మకు స్నానం చేయించేది పెద్దమ్మే అని చర్చిలో అందరికీ తెలుసు. అమ్మ అట్లాగే ఉండాలంది. పెద్దమ్మ రోజూ వచ్చి, మంచం పక్కన కాసేపు కూర్చుని, తడవని కొంగుతో వెళ్లేది.

తలుపు వేశాక అమ్మ మాట్లాడేది. ఇంట్లో అంతగా మాట్లాడని మనిషి.

"నీకు పెండ్లయిందా బ్రదర్?"

"లేదమ్మా."

"మావోనికీ కాలేదు. వానికి వంకలెక్కువ. పిల్ల సదవలేదంటాడు, సదివింటే ఎక్కువ మాట్లాడతాదంటాడు."

"అట్లంటాడా?"

"అనడు. మొగంలో ఉంటాది." తర్వాత, "కోపిష్టి. పుస్తకం పట్టుకుంటే పలకడు. పళ్లెంలో ఏం పెట్టినామో సూడకుండా తింటాడు. ఉప్పు మరిసిపోయినా తెలీదు."

"ఈసారి ఉప్పు లేకుండా పెట్టి చూడండమ్మా."

"పెట్టినా. తినేసినాడు."

ఇద్దరం నవ్వాం. ఆమె నవ్వితే పక్కకు తిప్పడం సులభంగా ఉండేది.

సిగ్గు పడవలసింది ఇక్కడ ఉంది. ఆ గుడ్డలతో ఉన్నంతసేపు నేను ఆమె మాట పూర్తిగా విన్నాను. తొందరపడలేదు. నీళ్లు వేడిగా ఉన్నాయా అని అడిగాను. అవి విప్పేసి లుంగీ కట్టుకుని, అదే గదిలోకి, తట్టకుండా వచ్చి, "మాత్ర యాల మింగలేదు? ఎన్నిసార్లు చెప్పాల నీకు?" అని అరిచేవాణ్ని. గంట కూడా గడిచి ఉండేది కాదు. అమ్మ దాన్ని మరుసటి పొద్దున బ్రదర్‌తో చెప్పేది. "నిన్న మావోడు మళ్లీ అరిసినాడు." "తప్పమ్మా, అరవకూడదు," అనేవాణ్ని. ఆ సాయంత్రం మళ్లీ అరిచేవాణ్ని. నేను నేర్చుకున్న మర్యాద ఒంటి మీద వేసుకునేదిగా ఉండిపోయింది, లోపలికి దిగలేదు.

ఒక పొద్దున కట్టు మారుస్తుంటే అడిగింది. "మానతాందా?"

"మానతాందమ్మా. ఎర్రటి కండ వస్తాంది."

"మావోడు నన్నిట్ల సూస్తే తట్టుకోలేడు."

"తట్టుకుంటాడులేమ్మా."

"నువ్వేం ఎరుగుదువు వాన్ని." నేను కట్టు మీద ప్లాస్టర్ అంటించాను. "వాడు సూసింది నా మొగమే. వానికి అదే ఉండనీ."

ఇంటర్న్‌షిప్ చివర్న మేము చూసుకున్న ఒక రోగి గురించి తరగతిలో చెప్పాలి. నేను నాలుగేళ్లలో బాగా చేసిన పని అమ్మకు చేసిందొక్కటే. వేరే రోగి గురించి చెప్పాను. మేడం పరవాలేదన్నారు.

పుండు దాదాపు మానింది. జ్వరం పోయింది. పుండు చంపకుండా చూశాను. తర్వాత ఒక పొద్దున, స్నానం కాకముందే, రెండోసారి పక్షవాతం వచ్చింది. మదనపల్లె చేరేలోపే పోయింది. అంబులెన్సులో నేను ఇంటి గుడ్డలతో ఉన్నాను.

పుంగనూరుకు తెచ్చాక చర్చి ఆడవాళ్లు వచ్చారు. సబ్బు, కొత్త తెల్ల చీర తెచ్చారు. పెట్టెలో పెట్టే ముందు ఆడమనిషికి ఆడవాళ్లే స్నానం చేయిస్తారు. వాళ్లలో వయసులో పెద్దదైన ఒకామె గుమ్మంలో నిలబడి, "మొగోళ్లంతా బయటుండండప్పా," అంది. నా వైపు చూసి, "నువ్వు కూడా నాయనా," అని భుజం మీద చెయ్యి వేసింది. ప్రేమగానే అంది. తలుపు వేసుకున్నారు.

నేను మగవాళ్లతో నిలబడ్డాను. లోపల చెంబు చప్పుడు వినిపిస్తోంది. నీళ్లు ఎక్కువ పోస్తున్నారు. ఎవరో "భుజం పట్టి లాగమ్మా" అన్నారు. ఆ భుజం లాగొద్దని చెప్పడానికి నోరు తెరిచి మూసుకున్నాను. ఇక నొప్పి లేదని నాకు తెలుసు, నేను చదివింది అదే. పక్క గదిలో తలుపు వెనక మేకుకు నా యూనిఫారం వేలాడుతోంది. అది నా ఒంటి మీద ఉంటే రానిచ్చేవాళ్లా అనుకున్నాను.

కొంతసేపటికి ఆ పెద్దామె తడి చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి పెద్దమ్మతో అంది. "ఇన్ని నెలలు మంచంలో ఉన్న మనిషి ఒళ్లు ఇట్లుంటాదా తల్లీ! పుండు మచ్చ కూడా మానినట్టే ఉండాది. ఎట్ల సూసుకున్నావో. సొంత అక్క కాబట్టి సేసినావు."

పెద్దమ్మ నా వైపు చూసింది. చెప్పమంటే చెప్పేసేది. నేను కింద చూశాను.

"నాదేముంది. దేవుడు సేసినాడు," అంది పెద్దమ్మ.

లోపల మా అమ్మ కొత్త చీరలో ఉంది. బయట నేనేమో పెద్దమ్మ నా సంగతి చెప్తే బాగుండునని అనుకుంటున్నాను. నలుగురిలో నా పేరు వినపడాలని ఉంది. అమ్మ ఒక్కటే అడిగింది, ఎవరికీ తెలియనివ్వొద్దని. ఆమె పోయిన పూటే నా మనసు ఆ మాట తప్పింది. నోరు తప్పలేదు కాబట్టి తప్పలేదని నేననుకోలేను.

సమాధి కార్యక్రమం అయి అందరూ వెళ్లాక నాయన గేటు దగ్గర కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను.

"మీ అమ్మ నాతో సెప్పేది. ఆ బ్రదర్ నెమ్మదస్తుడు, సెయ్యి మెత్తన అని."

"ఇంకేం చెప్పింది?"

"వాని పేరు అడగడం మరిసిపోయినానని సెప్పింది."

నాయన నవ్వడానికి చూశాడు. కాలేదు. నాకూ కాలేదు.

నేనిప్పుడు మదనపల్లెలో ఒక ఆస్పత్రిలో పని చేస్తున్నాను. పుంగనూరు నుంచే వెళ్లి వస్తాను. మొదటి నెలల్లో అందరిలాగే యూనిఫారంతో ఇంటికి వచ్చేవాణ్ని. బూట్ల చప్పుడుకు నాయన లేచి వంటింట్లోకి వెళ్లి పొయ్యి వైపు చూసేవాడు. తర్వాత వచ్చి కూర్చునేవాడు. కొన్నిసార్లు అట్లా జరిగాక డ్యూటీ దిగగానే ఆస్పత్రిలోనే మార్చుకుని బస్సెక్కడం మొదలుపెట్టాను. ఆ గుడ్డలతో నేనిప్పుడు మా ఇంట్లోకి వెళ్లడం లేదు.